కూసా క్వారీలో ఆగిపోయిన స్తంభాలు

ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్లేవాళ్లలో చాలామంది అగ్రిజెంటోలోని గ్రీకు గుళ్లు చూసి వస్తారు. చూడదగ్గవే. కాంకోర్డియా గుడి దాదాపు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కానీ సమయం తక్కువగా ఉంటే దేన్ని వదులుకున్నా సరే, పాతకాలపు గ్రీకు గుడికి రాయి తీసిన కూసా క్వారీని మాత్రం వదులుకోవద్దంటాను. ద్వీపానికి పడమటి కొసన, కాంపోబెల్లో ది మజారా ఊరికి దగ్గర్లో, ఆలివ్ తోటల నడుమ ఉంది. కారు ఉంటేనే వెళ్లడం సులువు. నీడ తక్కువ, మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి.

నేను చీమకుర్తిలో పెరిగాను. మా నాన్న గ్రానైట్ క్వారీలో మేస్త్రీగా పనిచేశారు. రాతి దుమ్ము, సమ్మెట చప్పుడు, లారీల మీద కదిలిపోయే నల్ల బ్లాకులు నా చిన్నతనమంతా ఉన్నాయి. అందుకే ఏ పాత కట్టడం ముందు నిలబడినా రాజు పేరు కన్నా ముందు, ఈ రాయి ఎక్కడ తీశారు, ఎలా తెచ్చారు అన్న ప్రశ్నే నా మనసులోకి వస్తుంది. ఆ ప్రశ్నకు కళ్లెదుటే జవాబు దొరికిన చోటు కూసా.

ముందు సెలినుంటే గురించి చెప్పాలి. అది గ్రీకులు సముద్రపు ఒడ్డున కట్టుకున్న సంపన్న నగరం. అక్కడి గుళ్లలో చాలావాటికి ఏది ఏ దేవుడిదో తేలక పండితులు అక్షరాలతో పిలుస్తారు. ‘ఇ’ గుడిని 1950లలో మళ్లీ నిలబెట్టారు. దానికి కొంచెం అవతల ‘జి’ గుడి కుప్పకూలి ఉంది. పొడవు సుమారు 110 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు. ఒక్కో స్తంభం 16 మీటర్ల ఎత్తు. ఇప్పుడు ఆ రాళ్ల గుట్టలోంచి ఒకే ఒక్క స్తంభం పైకి లేచి కనబడుతుంది. ఆ గుట్టలోకి దిగితే పడి ఉన్న రాతి దిమ్మె నా తల కన్నా ఎత్తుగా ఉంది. తరాల తరబడి కట్టినా ఆ గుడి పూర్తి కాలేదు.

ఒకదాని మీద ఒకటి పేర్చి దాని స్తంభాలు కట్టిన గుండ్రటి దిమ్మెలను కూసాలోనే తీసేవారు. గుడి ఎందుకు పూర్తి కాలేదో అక్కడ అర్థమవుతుంది. సెలినుంటేకు పొరుగు నగరం సెజెస్టాతో సరిహద్దు తగాదా ఉండేది. సెజెస్టా ఉత్తర ఆఫ్రికా తీరంలోని బలమైన నగరరాజ్యం కార్తేజ్‌ను సాయం అడిగింది. క్రీ.పూ. 409లో కార్తేజ్ సైన్యం వచ్చి సెలినుంటేను ముట్టడించి తొమ్మిది రోజుల్లో కూల్చేసింది. పదహారు వేల మంది చనిపోయారనీ, ఐదు వేల మందిని బందీలుగా పట్టుకున్నారనీ సిసిలీకే చెందిన చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. 10 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్వారీలో పని ఉన్నపళంగా ఆగిపోయింది. మళ్లీ మొదలు కాలేదు.

ఆగిన పని ఆగినట్టే ఉంది. ఒకచోట బండ మీద వలయం మాత్రమే గీసి ఉంది. ఇంకొంచెం ముందుకు వెళితే ఆ వలయం చుట్టూ కందకం తవ్వి ఉంది, ఒక మనిషి దిగి ఉలి ఆడించడానికి సరిపోయేంత వెడల్పు. మరోచోట దిమ్మె పూర్తిగా రూపు కట్టింది కానీ అడుగు ఇంకా బండనే అంటుకుని ఉంది. విడదీసిన దిమ్మెలు కొన్ని పక్కన పడి ఉన్నాయి, గుడి వైపు ప్రయాణానికి సిద్ధంగా. నేను ఒక కందకంలోకి దిగి గోడ తడిమి చూశాను. ఉలి గాట్లు ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటి వరుసగా దిగాయి. ఒకచోట అవి వాలు మార్చుకున్నాయి. అక్కడ పనివాడు చెయ్యి మార్చాడో, మరొకడు వచ్చి అందుకున్నాడో! ఆ గాట్ల దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

అక్కడి నుంచే నాన్నకు వీడియో కాల్ చేశాను. గుడి బొమ్మలు పంపినప్పుడు “బాగుందమ్మా” అని ఊరుకున్న మనిషి, ఇక్కడ మాత్రం “ఫోను కిందికి దించమ్మా, అడుగు చూపించు” అన్నారు. చెక్క చీలలు దిగగొట్టి, నీళ్లు పోసి, అవి ఉబ్బేలా చేసి అడుగు విడదీసేవారని చెబుతారని అన్నాను. “ఇది మెత్తటి సున్నపురాయి కాబట్టి సరిపోయింది. మన రాయి అయితే వినదు” అన్నారు. తర్వాత మరో మాట అన్నారు: “నాలుగు వైపులా ఖాళీ చేసుకుని చివరికి అడుగు తీశారు చూడు. మేమూ అంతే చేసేవాళ్లం.”

గుళ్ల గురించి రాసేవాళ్లు కట్టించినవాళ్ల పేర్లు, శైలులు, కొలతలు రాస్తారు. రాయి తీసినవాళ్లను ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. కూసాలో వాళ్లను దాటేయడం కుదరదు. అక్కడ చూడటానికి ఉన్నదే వాళ్ల పని.

వీలైతే సెజెస్టాకు కూడా వెళ్లండి. యుద్ధానికి కారణమైన ఆ నగరం గుడి కూడా అసంపూర్తే. 36 స్తంభాలు నిలిచి ఉన్నాయి కానీ వాటి మీద గాడులు చెక్కలేదు, లోపల గర్భగుడి లేదు. మెట్ల రాళ్లకు చిన్న చిన్న బొడిపెలు మిగిలి ఉన్నాయి. రాళ్లను ఎత్తేటప్పుడు తాళ్లు పట్టడానికి ఉంచి, పని పూర్తయ్యాక చెక్కేయాల్సినవి. ఆ బొడిపెల ఫోటో పంపితే, తాడు ఏ వైపు నుంచి ఎలా తిప్పి ఉంటారో ఎర్ర గీతలతో గుర్తులు పెట్టి నాన్న తిరిగి పంపారు.