అంబులెన్సులో నేర్చినది, కాగితం మీద రానిది

సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపున మా బంధువుల పిల్లలు డిగ్రీ పూర్తి చేయగానే నాకు ఫోన్ చేసి, "అక్కా, మద్రాసులో అంబులెన్సు ఉద్యోగం దొరుకుతుందా, చేరితే ముందుకు దారి ఉంటుందా?" అని అడుగుతూ ఉంటారు. దొరుకుతుందనే చెబుతాను. ముందుకు దారి సంగతి మాత్రం ఫోన్లో తెమిలేది కాదు కనుక, ఉత్తర చెన్నైలో ఈఎంటీగా, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా, పని చేస్తున్న నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. నేను పని చేసే సంస్థ పేరు ఈ విషయానికి అవసరం లేదు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2008లో తమిళనాడుకు వచ్చింది. ఆ బండ్లలో లాగే మా దగ్గర కూడా వాహనం నడిపే వారిని పైలట్ అనీ, వెనుక రోగి పక్కన కూర్చునే వారిని ఈఎంటీ అనీ అంటారు. నర్సింగు చదివిన వారితో పాటు జంతుశాస్త్రం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటి డిగ్రీలున్న వారిని కూడా తీసుకుని, కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండి ఎక్కిస్తారు. నేను మైక్రోబయాలజీ చదివి ఆ దారినే వచ్చాను.

పన్నెండు గంటల షిఫ్టు తనిఖీతో మొదలవుతుంది. ఆక్సిజన్ సిలిండర్ గేజి ఎంత చూపిస్తోంది, గొంతులో అడ్డుపడే ద్రవాలను తీసే సక్షన్ యంత్రం సరిగా లాగుతోందా, మెడకు వేసే కాలర్లు అన్ని సైజుల్లో ఉన్నాయా, కాన్పు కిట్టు సీలు ఊడకుండా ఉందా, గ్లూకోమీటరుకు స్ట్రిప్పులు మిగిలాయా అని ఒక్కొక్కటీ చూసి సంతకం పెట్టాలి. ముందు షిఫ్టు వారు రాసినదాన్నే నమ్మి సంతకం పెట్టేవారూ లేకపోలేదు. అటువంటి వారితో కలిసి డ్యూటీ చేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ తరువాత కాల్ వచ్చేదాకా ఎదురుచూపే. సినిమాల్లో కనిపించే పరుగు మా రోజులో చిన్న భాగం మాత్రమే.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చునని 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ చెబుతోంది. అయితే పుళియాంతోపు, వ్యాసర్పాడి రోడ్ల మీద సాయంత్రం పూట చాలామంది తప్పుకోవాలనే చూస్తారు గానీ, తప్పుకోవడానికి వారికే చోటుండదు. వాన కురిసి గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలిచిన రోజున ఏ వీధిలోంచి ఏ వీధికి దాటాలో మా పైలట్ అన్నకు తెలిసినంతగా ఫోన్లోని మ్యాపుకు తెలియదు.

పెరంబూరు దగ్గర ఒక ఇంటి నుంచి, పెద్దావిడకు పక్షవాతం వచ్చిందని ఒకసారి కాల్ వచ్చింది. నెల్లూరు వైపు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన మనిషి. మాట ముద్దగా వస్తోంది, కుడి చెయ్యి లేవడం లేదు, ఒళ్లంతా చెమట. చూసిన వారెవరైనా పక్షవాతమనే అంటారు. కానీ మాట తడబడిన వారికి ముందుగా సుగర్ చూడాలన్నది మాకు శిక్షణలో గట్టిగా నూరిపోసిన నియమం, ఎందుకంటే రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు కూడా ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడినట్టు కనిపించవచ్చు. గ్లూకోమీటరు 38 చూపించింది. విచారిస్తే, ఏకాదశి ఉపవాసమని పొద్దుటి నుంచి ఏమీ తినలేదనీ, సుగర్ మాత్ర మాత్రం మానకుండా వేసుకున్నారనీ తేలింది. ఫోన్లో డాక్టరుకు చెప్పి, అనుమతి తీసుకుని, నరంలోకి డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) ఎక్కించిన కొద్దిసేపటికే ఆవిడ కళ్లు తెరిచి, "ఎవరమ్మా నువ్వు, మన వైపు పిల్లవేనా?" అని అడిగారు. తల్లి లేచి మాట్లాడుతోంది కదా, ఇంక ఆసుపత్రి ఎందుకని కొడుకు వాదించాడు. కొన్ని రకాల సుగర్ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుందనీ, ఇప్పుడు పెరిగిన చక్కెర రాత్రికి మళ్లీ పడిపోవచ్చుననీ, నిద్రలో పడిపోతే ఎవరూ గమనించరనీ తెలుగులో నచ్చజెప్పి బండి ఎక్కించాను. ఈ ఉద్యోగంలో నైపుణ్యం అంటే ఇలాంటిదే: ఏది ముందు చూడాలో తెలియడం, బాగుపడినట్టు కనిపించే మనిషిని ఇంట్లో వదిలి రాకపోవడం.

ఆ రోజు రికార్డులో మాత్రం సుగర్ పడిపోయిన కేసు, ఆసుపత్రికి అప్పగించడమైనది అని రెండు ముక్కలు మిగిలాయి. అది రోగికి సంబంధించిన కాగితం కనుక అంతే ఉండాలి, కాదనను. నా అభ్యంతరం వేరు. నిన్న శిక్షణ ముగించి వచ్చిన వారికీ, ఏళ్ల తరబడి ఇటువంటి కేసులు చూసిన వారికీ మా దగ్గర హోదా ఒకటే, యూనిఫాం ఒకటే, జీతంలో తేడా నామమాత్రమే. పై మెట్టు కావాలంటే సూపర్వైజరుగా బండి దిగిపోవాలి. బండిలోనే ఉండి ఎదిగే మార్గం లేదు.

మా పిన్ని కొడుకు, నాకు అన్నయ్య, గుమ్మిడిపూండిలో తమిళ మాధ్యమంలో చదువుకుని, తమిళనాడు అగ్నిమాపక, రక్షణ సేవల శాఖలో ఫైర్‌మ్యాన్‌గా ఉన్నాడు. అతనితో మాట్లాడినప్పుడల్లా ఈ తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. వారిని యూనిఫాం సర్వీసుల నియామక మండలి పోలీసు కానిస్టేబుళ్లతో కలిపి ఒకే పరీక్ష ద్వారా తీసుకుంటుంది. తమిళ అర్హత పరీక్షలో 40 శాతం మార్కులు రాకపోతే మిగిలిన జవాబు పత్రం చూడనే చూడరు. చేరిన తరువాత లీడింగ్ ఫైర్‌మ్యాన్, స్టేషన్ ఆఫీసర్, అసిస్టెంట్ జిల్లా అధికారి, జిల్లా అధికారి అని మెట్లు రాసిపెట్టి ఉంటాయి. డిగ్రీ ఉన్నవారు స్టేషన్ ఆఫీసర్ పోస్టుకు నేరుగా కూడా పరీక్ష రాయవచ్చు. అన్నయ్య దూరవిద్యలో డిగ్రీ ముగించి ఆ నోటిఫికేషన్ కోసమే చూస్తున్నాడు. మెట్లున్నాయని పని తేలిక అనుకోకూడదు. పూర్తి ఒత్తిడితో నీరు వస్తున్న గొట్టాన్ని ఒక్కరు పట్టుకుని నిలబడలేరు. పొగలోకి వెళ్లేటప్పుడు వీపున మోసే గాలి సిలిండర్ ఎంతసేపు వస్తుందో లెక్క పెట్టుకుంటూ లోపల పని చేయాలి.

2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చిన మనవారు. అన్నయ్య అప్పటికి ఉద్యోగంలో లేడు గానీ, ఆ శిథిలాల దగ్గర పని చేసిన సీనియర్లు, తెలుగు వచ్చినవాడు స్టేషనుకొకడైనా ఉండాలని ఇప్పటికీ అంటుంటారట. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం దేశమంతటా ఏటా ఆ తేదీ నుంచి వారోత్సవం జరుపుతారు. అంబులెన్సు సిబ్బందికి అటువంటి సామూహిక స్మృతి ఇంకా ఏర్పడలేదు. మా వృత్తి వయసే తక్కువ.

నా తోటివారి ఆశలు ఎక్కువగా బండికి బయటే ఉన్నాయి. నర్సింగు చదివినవారు ప్రభుత్వ నర్సు పోస్టుల పరీక్షకు రాత్రి డ్యూటీలో పుస్తకం పట్టుకుంటారు, సైన్సు డిగ్రీవారు ల్యాబుల వైపు చూస్తారు. గల్ఫ్‌కు పోవాలనుకునేవారికి అక్కడి లైసెన్సు కోసం అత్యవసర వైద్యంలోనే డిప్లొమా గానీ డిగ్రీ గానీ కావాలి. మా కొన్ని వారాల శిక్షణ పత్రం అక్కడ చెల్లదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో అత్యవసర వైద్య టెక్నాలజిస్టును చేర్చింది కనుక, ఆ చట్టం కింది రిజిస్టరులో పేరు, దానికి తగిన చదువు రేపు అందరూ అడుగుతారని నా అంచనా.

అందుచేత ఇంటర్ బైపీసీ అయిన పిల్లలకు నేను చెప్పేది, వేరే డిగ్రీ చదివి ఈ దారిలోకి రావడం కంటే, డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న యాక్సిడెంట్ అండ్ ఎమర్జెన్సీ కేర్ టెక్నాలజీ బీఎస్సీలో నేరుగా చేరమని. ఇప్పటికే డిగ్రీ అయిపోయినవారు చేరితే చేరండి, కానీ తమిళం మాట్లాడడంతో ఆగకుండా చదవడం కూడా నేర్చుకోండి, ఎందుకంటే మందుల చీటీల వెనుక, ఇళ్ల నంబర్ల పక్కన కుటుంబాలు రాసిపెట్టే వివరాలు తమిళంలోనే ఉంటాయి. జీతం ఎంతని అడిగే ముందు పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని అడగండి. నియామక పత్రంలో హోదా ఏమని రాస్తున్నారో చదివిన తరువాతే సంతకం పెట్టండి. ఈఎంటీ పని చేయించుకుంటూ పత్రంలో సహాయకులు అని రాసే సంస్థలు ఉన్నాయి. అటువంటి పత్రంతో మరో ఉద్యోగానికి వెళితే, ఎన్నేళ్లు పని చేసినా అనుభవం కింద లెక్కించరు.