సర్వే రిపోర్టు, నాలుగో విడత: ప్రతి గడిలోనూ 100 శాతం

మూడు రాత్రులుగా సతాయిస్తున్న చిక్కుముడి ఈ రోజు పొద్దున్నే విడిపోయింది! ఏడో ప్రశ్నకి ఎదురుగా "ఒప్పుకుంటాను" కింద 40.6 శాతం అని కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ఒక్క సంఖ్య కోసం ఎంత తిరిగానో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. రేటింగ్ స్కేలు సర్వేని పవర్ బీఐలోకి (మైక్రోసాఫ్ట్ రిపోర్టుల టూల్) తెచ్చేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది.

డేటా పాతదే, మా ఫొటోగ్రఫీ క్లబ్బు సర్వే. 186 మంది, 22 ప్రశ్నలు. అందులో 14 "ఒప్పుకుంటారా" రకం, 6 "ఎంత తరచుగా" రకం, మిగతా 2 సున్నా నుంచి 10 దాకా మార్కులు వేసేవి. మోడల్ కూడా పోయిన విడతలో చెప్పినట్టే ఉంది. మధ్యలో జవాబుల టేబులు, చుట్టూ ప్రశ్నలు, సభ్యులు, స్కేలు అనే మూడు టేబుళ్లు. ఒక్క మార్పు చేశాను. అన్‌పివట్ చేస్తే (ప్రశ్నకో నిలువు వరుసగా ఉన్న డేటాని జవాబుకో అడ్డ వరుసగా మారిస్తే) డేటాని సిద్ధం చేసే పవర్ క్వెరీ ఖాళీ గడుల్ని తీసిపారేస్తుంది. 186 మంది, 22 ప్రశ్నలంటే 4,092 వరుసలు రావాలి, నాకు 3,961 వచ్చాయి. 131 జవాబులు చెప్పాపెట్టకుండా మాయం! ఎవరు ఏ ప్రశ్నని దాటేశారన్నది కూడా నాకు సమాచారమే కదా. అందుకే అన్‌పివట్‌కి ముందే ఖాళీల చోట 98 అని పెట్టాను. మొదట 0 పెట్టబోయి ఆగాను, ఎందుకంటే మార్కుల ప్రశ్నల్లో సున్నా అసలైన జవాబే. "వర్తించదు"కి 99. స్కేలు నంబరుని వందతో హెచ్చించి జవాబు అంకె కలిపితే కీ (టేబుళ్లని కలిపే నంబరు) తయారు: 101 నుంచి 105, తర్వాత 198, 199. రెండో స్కేలుకి అదే తీరులో 201 నుంచి, మూడోదానికి 300 నుంచి 310, తర్వాత 398. స్కేలు టేబుల్లో మొత్తం 26 వరుసలు.

ఇక అసలు గొడవ. మేట్రిక్స్‌లో (ప్రశ్నకో అడ్డ వరుస, జవాబుకో నిలువు వరుస ఉండే పట్టికలో) నిలువు వరుసలు అక్షర క్రమంలో వచ్చాయి: "అస్సలు ఒప్పుకోను", "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను", "తటస్థం", "పూర్తిగా ఒప్పుకుంటాను". మొదటిదీ చివరిదీ వాటి చోట్లలో అవే కుదిరాయి. దాంతో చాలాసేపు అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. మధ్యలో మూడూ తారుమారు. రంగులు వేశాక గానీ కంట్లో పడలేదు, ఆకుపచ్చ గడి రెండు ఎర్ర గడుల మధ్య ఇరుక్కుని ఉంది.

సరే, "వరుస" అనే కాలమ్ పెట్టి మాటల కాలమ్‌ని దాని ప్రకారం సార్ట్ చేయమన్నాను. ఒప్పుకోలేదు. నేను వరుస కాలమ్‌లో కీ నంబర్లే పెట్టాను కాబట్టి "జవాబు లేదు" అన్న ఒకే మాటకి 198, 298, 398 అని మూడు విలువలు ఉన్నాయి. ఒక మాటకి ఒకే వరుస నంబరు ఉండాలి. రిలేషన్‌షిప్ (టేబుళ్ల మధ్య లంకె) కోసం కీ విడిగా ఉంచి, వరుస కాలమ్‌లో "జవాబు లేదు"కి అన్నిచోట్లా 998, "వర్తించదు"కి 999 ఇచ్చాక ఒప్పుకుంది. (ఈ వరుస నంబర్లని పవర్ బీఐ ఫార్ములా భాష డాక్స్‌లో ఆ మాటల మీదే ఫార్ములా రాసి పుట్టిస్తే సర్క్యులర్ డిపెండెన్సీ ఎర్రర్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడి తిరుగుతున్నాయని) వస్తుంది. పవర్ క్వెరీలోనే చేసుకోవాలి.)

సార్ట్ కుదిరింది. కానీ శాతాలు పోయాయి. ప్రతి గడిలోనూ 100 శాతం. ఏడో ప్రశ్నా అంతే, పదకొండో ప్రశ్నా అంతే. టోటల్ కాలమ్‌లో 100 ఉండడం న్యాయమే కాబట్టి మొదట చూపు అటే వెళ్లింది, గడులన్నీ చూశాక గుండె జారింది.

నా కొలత (శాతం కట్టే డాక్స్ ఫార్ములా) చాలా మామూలుది. పైన జవాబుల సంఖ్య, కింద అదే సంఖ్యని కాలిక్యులేట్ ఫంక్షన్‌లో పెట్టి, ఆల్ అనే ఫంక్షన్‌తో మాటల కాలమ్ మీద ఫిల్టరు తీసేయడం. సార్ట్ పెట్టకముందు ఇదే కొలత సరైన శాతాలు ఇచ్చింది, అందుకే దాని మీద అనుమానం రాలేదు. మొదటి రాత్రి రిలేషన్‌షిప్ మీద అనుమానపడ్డాను. దిశని రెండు వైపులా మార్చి చూశాను, తేడా లేదు, వెనక్కి పెట్టేశాను. కీలు రెండుసార్లు పడ్డాయేమోనని లెక్కబెట్టాను. 26 వరుసలు, 26 వేర్వేరు కీలు. రెండో రాత్రి ఆల్ తీసేసి ఆల్‌సెలెక్టెడ్ పెట్టాను, అప్పుడూ 100. ఫిల్టర్లు తీసేసే ఇంకో ఫంక్షన్ రిమూవ్‌ఫిల్టర్స్ పెట్టినా 100. మూడో రాత్రి విసుగొచ్చి సార్ట్ తీసేశాను. శాతాలు టక్కున సరైపోయాయి! మళ్లీ సార్ట్ పెడితే మళ్లీ 100. దోషం ఎక్కడుందో అప్పుడు తెలిసింది, ఎందుకో తెలియలేదు.

విజువల్స్ వెనక నడిచే క్వెరీలు చూపించే పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ తెరిచి ఆ మేట్రిక్స్ క్వెరీని కాపీ చేసి చదివాను. గ్రూపులు కట్టే సమ్మరైజ్‌కాలమ్స్ ఫంక్షన్ లోపల మాటల కాలమ్ పక్కనే నేను మేట్రిక్స్‌లో ఎక్కడా పెట్టని వరుస కాలమ్ కూడా కూర్చుని ఉంది. సార్ట్ చేయాలంటే దాని విలువలు కావాలి కాబట్టి విజువల్ తనంతట తానే దాన్నీ గ్రూపింగ్‌లోకి తెచ్చుకుంటుంది. అంటే "ఒప్పుకుంటాను" గడి దగ్గర రెండు ఫిల్టర్లున్నాయి: మాట "ఒప్పుకుంటాను", వరుస 104. నా కొలత మొదటిదాన్నే తీసేస్తోంది. రెండోది మిగిలి ఉండటంతో కింద కూడా ఆ గడిలో ఉన్న 73 మందే లెక్కకొస్తున్నారు. 73ని 73తో భాగిస్తే 100 కాక ఇంకేం వస్తుంది?

కారణం తెలిశాక కూడా ఒక తప్పటడుగు పడింది. రెండు కాలమ్‌లు రాయడమెందుకని స్కేలు టేబుల్ మొత్తం మీద ఫిల్టర్లు తీసేశాను. 39.2 వచ్చింది. ఎక్సెల్ పివట్‌లో చేత్తో లెక్కేసుకున్నది 40.6. ఏడో ప్రశ్నకి లెక్కలోకొచ్చే జవాబులు 180: అస్సలు ఒప్పుకోను 12, ఒప్పుకోను 25, తటస్థం 41, ఒప్పుకుంటాను 73, పూర్తిగా ఒప్పుకుంటాను 29. జవాబు ఇవ్వనివాళ్లు 4, వర్తించదన్నవాళ్లు 2. పేజీ మీద "చెల్లుతుంది" అన్న కాలమ్‌తో ఫిల్టరు పెట్టుకున్నాను, ఆ కాలమ్ ఉన్నది స్కేలు టేబుల్లోనే. టేబుల్ మొత్తాన్ని వదిలించేసరికి పేజీ ఫిల్టరూ దాంతోపాటే పోయింది, 73ని 186తో భాగించింది. మాట, వరుస అనే రెండు కాలమ్‌ల పేర్లు విడిగా రాసి వాటి మీదే ఫిల్టరు తీశాను. 40.6!

ఆ సంతోషంలో కొలతని ఇంకో పేజీకి తీసుకెళ్తే టోటల్ 103.3 శాతం చూపించింది. ఆ పేజీలో ఫిల్టరు లేదు. కింద మాత్రమే చెల్లే జవాబులు లెక్కేసేలా అప్పటికే మార్చాను, పైన మాత్రం అన్నీ వస్తున్నాయి. 186ని 180తో భాగిస్తే వచ్చేది అదే. ఇప్పుడు "చెల్లుతుంది" షరతు పైనా కిందా రెండుచోట్లా కొలతలోనే ఉంది. పేజీ ఫిల్టరుని నమ్ముకుని శాతాల కొలత రాయకూడదని గట్టిగా అనుకున్నాను. రిపోర్టు చేతులు మారినప్పుడు మొదట ఎగిరిపోయేవి పేజీ ఫిల్టర్లే.

మార్కుల ప్రశ్నలు పది నిమిషాల్లో అయిపోయాయి: 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 వేసినవాళ్ల శాతం తీసేయడమే.

సగటు గురించి ఒక మాట చెప్పి తీరాలి. క్లబ్బులో అందరూ "ఒక్క నంబరు చెప్పు చాలు" అంటున్నారు. ఏడో ప్రశ్న సగటు 3.46. పదకొండో ప్రశ్న సగటూ 3.46. కానీ పదకొండులో పంపకం అదే వరుసలో చూడండి: 47, 9, 20, 23, 81. ఏడులో ఎక్కువమంది మధ్యలోనూ "ఒప్పుకుంటాను" దగ్గరా ఉన్నారు, పదకొండులో జనం రెండు కొసలకీ చీలిపోయారు. సగటు ఒకటే, మీడియన్ రెండింటికీ 4. ఒప్పుకునే రెండు గడులూ కలిపి చూసినా 56.7, 57.8 శాతం. పెద్ద తేడా లేదు. ఒప్పుకోని రెండు గడులు కలిపితేనే 20.6, 31.1 అని తేలుతోంది. పదకొండో ప్రశ్న క్లబ్బు రాత్రి షూట్లు పెంచడం గురించి. అక్కడ 47 మంది అస్సలు వద్దంటుంటే సగటు చూపించి "బాగానే ఉంది" అని నిర్ణయం తీసుకుంటే అది వాళ్లకి అన్యాయం. ఈ పద్ధతిని 1932లో ప్రచురించిన రెన్సిస్ లికర్ట్ చాలా ప్రశ్నల మార్కులు కలిపి ఒక స్కోరుగా చూశాడు. ఒంటరి ప్రశ్నకి సగటు వేసి దశాంశాలు పోల్చడం వేరే సంగతి. నా రిపోర్టులో సగటు టూల్‌టిప్‌లో (మౌస్ పెడితే కనబడే చిన్న పెట్టెలో) ఉంటుంది, బయట అన్ని జవాబుల పంపకం చూపే పట్టీ మొత్తం కనబడుతుంది.

టేబ్లో అనే ఇంకో రిపోర్టు టూల్లో అయితే మాటల్ని మౌస్‌తో లాగి వరుస మార్చుకోవచ్చు, ఆ ఒక్క విషయంలో అది హాయి. కానీ మోడల్ ఒకసారి కుదిరాక ప్రశ్నలెన్ని పెరిగినా తట్టుకునే తీరు నాకు పవర్ బీఐలోనే నచ్చుతుంది. వరుస కోసం మాట ముందు "1.", "2." అని అంకెలు అతికించే అలవాటు మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. చదివేవాళ్లకి అవి మార్కుల్లా కనబడతాయి.

ఇక వచ్చే విడత. సున్నా గీతకి ఎడమ పక్క ఒప్పుకోనివాళ్లు, కుడి పక్క ఒప్పుకున్నవాళ్లు ఉండే పట్టీ గీయాలి. ఎడమ పక్కవి రుణ సంఖ్యలుగా ఇచ్చి, ఫార్మాట్‌లో మైనస్ గుర్తు దాచేశాను, అక్కడిదాకా పని చేసింది. కానీ రుణ సంఖ్యలు సున్నా దగ్గర్నుంచి బయటికి పేరుస్తాయి కాబట్టి "అస్సలు ఒప్పుకోను" గీతకి ఆనుకుని వస్తోంది, అది చివర్న ఉండాలి. ఎడమ పక్క వరుసని తిరగేయాలి. తటస్థాన్ని రెండుగా చీల్చి ఏడో ప్రశ్నకి చెరో 11.4 పెట్టాలా, లేక విడిగా కుడి చివర ఇంకో పట్టీగా పెట్టాలా? నా మనసు విడిగా పెట్టడం వైపే ఉంది. మధ్యలో చీలిస్తే ఒప్పుకోనివాళ్ల పట్టీలు ఒక్కో ప్రశ్నకి ఒక్కో చోట మొదలవుతాయి, కన్ను పోల్చుకోలేదు.

దానికంటే ముందు ఇంకో పని మిగిలింది. "మీటింగులు అనవసరంగా సాగదీస్తారు" లాంటి మూడు ప్రశ్నలు తిరగేసి అడిగినవి, వాటికి ఒప్పుకోవడమంటే అసంతృప్తి. ప్రశ్నల టేబుల్లో ఒక గుర్తు పెట్టి, స్కోరుని ఆరులోంచి తీసేయాలి. మాటలు మాత్రం సభ్యులు చెప్పినవి చెప్పినట్టే ఉంటాయి, రంగులు తిరగబడతాయి. ఈ ఆదివారం మొదట ఆ మూడింటి మీద కూర్చుంటాను.