మ్యూజియానికి మా ఇంటి సామాన్లు ఇచ్చిన కథ: 14 నెలలు, నాలుగు ఎన్‌ఓసీలు, ఒక జడ్డిగం

నిన్న సాయంత్రం రసీదు చేతికొచ్చింది. ఒకటే పేజీ, కింద రౌండ్ స్టాంపు, "17 వస్తువులు స్వీకరించడమైనది" అని ఒక ముక్క. దీనికి 14 నెలలు పట్టింది. డబ్బులకి కాదు, ఊరికే ఇస్తానంటేనే ఇంత తిప్పారు. కోపం చల్లారితే ఇక రాయను, అందుకే రాత్రికి రాత్రే కూర్చున్నా.

మాది జనగామ దగ్గర ఊరు. తాత కట్టిన పెంకుటిల్లు. బాపు పోయాక తాళమేసి పెట్టాం, కోతులు పెంకులు పీకేశాయి, రెండు వానాకాలాలకి వెనక గోడ కూర్చుండిపోయింది. కూల్చేద్దామని అన్నా నేనూ అనుకున్నాక అటకెక్కి చూస్తే అదో లోకం. ఇసుర్రాయి, కుందెన, రెండు రోకళ్లు, గిద్దె నుంచి కుంచం దాకా కొలత పాత్రలు, కవ్వం, గొర్రు (పళ్ళున్న విత్తే నాగలి), కాడి, ఎడ్ల మెడలో గంటలు, ఎడ్లతో బావి నీళ్ళు తోడే ఇనుప మోట, దాని తోలు తొండం ఎండిపోయి అప్పడంలా అయింది. పాత సామాన్లు కొనేవాడొచ్చి ఒక చుట్టు చుట్టి మొత్తానికి 9 వేలన్నాడు. అన్న సరే అనబోయాడు, నేనే వద్దన్నా.

ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళినప్పుడు ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే మ్యూజియం చూసొచ్చా. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, 10 ఎకరాల్లో, దక్షిణాది ఇళ్ళు. నమూనాలు కాదండీ, చాలావరకు అసలు ఇళ్ళే, ఊళ్ళో విప్పి, లారీల్లో తెచ్చి, ఇక్కడ మళ్ళీ కట్టారు. తమిళనాడు చెట్టినాడులో లంకంత ఇళ్ళు కూల్చేసి తలుపులు ఒకడికి, స్తంభాలు ఒకడికి అమ్ముకుంటుంటే చూసి ఉండబట్టలేక డెబోరా త్యాగరాజన్ అనే ఆవిడ ఈ పని నెత్తినేసుకుందట, పుట్టింది అమెరికాలో, మన దగ్గరే స్థిరపడింది. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టింది 1984లో, జనానికి గేటు తెరిచింది 1996 డిసెంబర్లో. లారీ బేకర్ లాంటి పేరున్న ఆర్కిటెక్ట్ దాని ప్లాన్‌లో చెయ్యి వేశాడు. మన ఇళ్ళు కూడా ఉన్నాయక్కడ, విశాఖ వైపు హరిపురం నుంచి చుట్టిల్లు, నల్లగొండ జిల్లా నుంచి ఇక్కత్ నేసేవాళ్ళ ఇల్లు. ఆ చుట్టిల్లు తాటాకు కప్పు ఎంత కిందికి దిగి ఉంటుందంటే లోపలికి పోవాలంటే నడుం వంచాల్సిందే, తుఫాను గాలికి పట్టు దొరక్కుండా అలా కడతారట. నేను తల కొట్టుకున్నా కూడా. ఆ ఇక్కత్ ఇంటి ముందర నిలబడి, మా జనగామకి ఇంత దగ్గర ఇల్లు సముద్రం ఒడ్డున చూడాల్సి వచ్చిందే అని కాస్త సిగ్గేసింది.

అప్పటి నుంచి ఇదో పిచ్చి పట్టుకుంది. బెంగళూరు నుంచి మైసూరు పోయే దారిలో రామనగర దగ్గర జానపద లోక అనే మ్యూజియం ఉంది, చాలామంది దాని పక్కన టిఫిన్ చేసి వెళ్ళిపోతారు, లోపలికి పోరు. హెచ్.ఎల్. నాగేగౌడ అని ఐఏఎస్ ఆఫీసర్, ఆయనే కర్ణాటక జానపద పరిషత్తు 1979లో మొదలుపెట్టి 1994లో దీన్ని తెరిచాడు. ఒక హాలు నిండా గరిసెలు, కొలపాత్రలు, వంటింటి సామాన్లే. మైసూరు యూనివర్సిటీ వాళ్ళ జానపద మ్యూజియం ఇంకా పాతది, 1968ది, పి.ఆర్. తిప్పేస్వామి, జీ.శం. పరమశివయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి పోగేశారు. అది ఉన్నది జయలక్ష్మి విలాస్‌లో, 1905లో మైసూరు రాజకుమారి కోసం కట్టిన బంగళా. రాజకుమారి ఇంట్లో చాటలు, రోకళ్ళు. మా నాయినమ్మ ఉంటే పడి పడి నవ్వేది.

వీటన్నిటి చరిత్ర చదివితే నాకు అర్థమైంది ఒకటే, ఏదీ సర్కారు ఫైలులో పుట్టలేదు, ఎవడో ఒకడికి పిచ్చి లేస్తే పుట్టింది, తర్వాత ఫైలు వచ్చింది. మన దగ్గర ముందు ఫైలు వస్తుంది, పిచ్చి మనకి లేస్తుంది.

సరే, మా సామాన్లూ మ్యూజియానికే ఇద్దామనుకున్నా. ఆ మ్యూజియం ఆఫీసు పేరు రాయను, జిల్లా కూడా రాయను. ఫోన్ చేస్తే తీసుకుంటామన్నారు, ఫోటోలు పంపమంటే పంపాను, ఇవి ఒక్క వారంలో అయ్యాయి.

తర్వాత మొదటి మెలిక: "ఇవి 100 ఏళ్ళ కింద‌వైతే పురావస్తువులు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెండి" అన్నారు. నేను రెండు నెలలు దాని వెంట తిరిగా. చివరికి నేనే కూర్చుని 1972 నాటి పురావస్తువుల చట్టం చదువుకున్నా. 100 ఏళ్ళు దాటితే యాంటిక్విటీ, రాతప్రతులకైతే 75 ఏళ్ళు, అది నిజమే, కానీ రిజిస్టర్ చేయించాల్సింది ప్రధానంగా శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు. కుందెనకీ కవ్వానికీ ఎవడూ సర్టిఫికెట్ అడగడు. ఆ పేజీ ప్రింట్ తీసి టేబుల్ మీద పెడితే ఆయన చదవకుండానే "సరే వదిలెయ్యండి" అన్నాడు. రెండు నెలలండీ! కాబట్టి ఎవరైనా చట్టం పేరు చెప్తే ఏ సెక్షనో రాసివ్వమనండి, సగం చట్టాలు అక్కడే ఆవిరైపోతాయి.

రెండో మెలిక వారసులది. ఇల్లు తాతది కాబట్టి అందరూ ఒప్పుకున్నట్టు స్టాంపు పేపర్ మీద నోటరీతో ఎన్‌ఓసీ కావాలట. అన్న, చిన్నాయన కొడుకు, ఇద్దరు మేనత్తలు. అన్న వెంటనే ఇచ్చాడు, చిన్నాయన కొడుకు దుబాయ్‌లో ఉండి మూడు నెలలకి పంపాడు. పెద్ద మేనత్త దగ్గరికి పోతే స్టాంపు పేపర్ పక్కన పెట్టి, "ఏంరా, నా పెండ్లికి గంగాళం ఇస్తమని ఇయ్యలే మీ తాత. నలభై ఏండ్లాయె. ఇప్పుడు రోలూ రోకలి దానం జేస్తన్నరు, సంతకానికి నేను యాదికొచ్చిన్నా?" అంది. గంగాళం మా అటక మీదే ఉంది. దాన్ని తోమించి, ఆటోలో ఎక్కించి ఆమె ఇంట్లో దించాకే సంతకం. అలా లిస్టులో ఒకటి తగ్గింది. చిన్న మేనత్త అన్నం పెట్టి మరీ సంతకం పెట్టింది, ఆమె గురించి రాయడానికేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ముక్క రాయడానికి మొహమాటంగా ఉంది కానీ ఇది రాయకపోతే మిగతాదంతా దొంగతనమే.

కాగితాలన్నీ అయ్యాక సామాన్లు ట్రాలీ ఆటోలో వేసుకుని పోయాను. వరండాలో దింపించారు. ఒక సారు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, పక్కన క్లర్క్ పెన్సిల్‌తో ఫారం నింపుతున్నాడు, ఇద్దరు అటెండర్లు, ఎవరో ఇంటర్న్ పిల్లలు నలుగురు. నేను మాంచి ఊపులో ఉన్నా, మా తాత, మా సంస్కృతి, దక్షిణచిత్రలో ఇలా చేశారు సార్, రామనగరలో అలా చేశారు సార్ అని ఉపన్యాసం కూడా దంచాను. ఆయన ఏమీ అనకుండా గుట్టలోంచి ఒక చెక్క గిన్నె తీశాడు. కొబ్బరి చిప్ప కంటే కొంచెం పెద్దది, మందంగా ఉంది, అడుగున నాలుగు బొక్కలు.

"ఇదేంటి?"

నాకు తెలీదు. తెలీదంటే పోయేది. నేను, "వంటింటిది సార్, వడకట్టుకునేది, గంజి వార్చడానికి" అన్నా. క్లర్క్ రాసుకున్నాడు. ఆయన గిన్నె ఎత్తి బొక్కలోంచి నా మొహం చూశాడు, నిజంగా ఒక కన్ను మూసుకుని. "ఇంత బొక్కలోంచి గంజి ఒక్కటే పోతదా, అన్నం కూడా పోతదా?" పిల్లలు నవ్వారు. ఒక పిల్ల ఫోన్ కూడా తీసింది. "ఇందాకటి నుంచి మా సంస్కృతి మా సంస్కృతి అంటున్నరు, మీదేందో మీకే తెల్వదు. పేరు, వాడకం రాసుకుని మళ్ళీ రండి. ఈ కాలమ్‌లు ఖాళీగా ఉంటే మేం తీసుకోం." అంతే, లేచి లంచ్‌కి పోయాడు.

నాకు 46 ఏళ్ళు. నలుగురి ముందు అలా ఎవరూ అనలేదు. పైగా తప్పు ఆయనది కాదు, అది ఇంకా మంట. ఆటో వాడికి వెయిటింగ్ చార్జి ఇచ్చి, అన్నీ మళ్ళీ ఎక్కించుకుని వస్తుంటే ముసలి అటెండర్ ఒకాయన కట్ల తాడు బిగిస్తూ మెల్లగా, "జడ్డిగం సార్ అది" అన్నాడు. ఆయన ముందే చెప్పొచ్చుగా? సారు ముందర ఎట్ల చెప్తం అన్నాడు.

ఆ ఆదివారమే ఊరికి పోయా. మా తాత దగ్గర జీతమున్నాయన (పాలేరు) ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, చూపు సరిగ్గా లేదు. గిన్నె చేతిలో పెడితే చూడలేదు, బొక్కల్లో వేళ్ళు పెట్టి తడిమాడు. "నాలుగు. గొర్రుకు ఎన్ని పండ్లుంటే దీనికి గన్ని బొక్కలు, పటేలా" అన్నాడు. గొర్రు మీద ఇది నిలబెట్టి, ఒక్కో బొక్కకి ఒక వెదురు గొట్టం కట్టి, ఆ గొట్టం కొస గొర్రు పన్ను వెనక భూమిలోకి దించుతారట. ఎడ్లు నడుస్తుంటే వెనకాల ఆడవాళ్ళు నడుస్తూ పిడికిట్లోంచి జొన్న గింజలు ఇందులోకి వదులుతారు. ఎలా వదులుతారో చూపించమంటే పిడికిలి బిగించి బొటనవేలు అటూ ఇటూ ఆడించాడు, గింజ లేదు, ఉత్త చెయ్యి, అయినా గింజలు రాలుతున్నట్టే ఉంది. ఎక్కువ పడితే గుంపు మొలుస్తది, చెయ్యి ఆగితే సాలు తెగుతది, వారం దాటినంక చేనే చెప్తది ఎవరు పోసిన్రో అన్నాడు. "మీ అవ్వ పోస్తే తెగకపోతుండె."

మా నాయినమ్మ చేను పనికి పోయిందన్న సంగతే నాకు తెలీదు. నాకు ఆమె అంటే అరుగు మీద తమలపాకులు.

ఆయన పటేలా పటేలా అంటుంటే ఇబ్బందిగా ఉండింది, వద్దంటే ఇంకా రెండుసార్లు ఎక్కువ అన్నాడు. రెండు పూటలు కూర్చుని ఒక్కో వస్తువుకీ పేరు, వాడకం చెప్పాడు, ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా. ఫారంలో దాత పేరు నాది, మా అన్నది. వాడినవాళ్ళ పేరు కూడా రాస్తానంటే క్లర్క్, అలాంటి కాలమ్ లేదండి అన్నాడు. వెనక వైపు రాశాను, జిరాక్స్‌లో రాలేదు.

మీరెవరైనా ఇలా ఇవ్వాలనుకుంటే ఇల్లు కూల్చకముందే, వస్తువు ఉన్నచోటే ఫోటో తీయండి. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వీడియో తీయండి, ఆడియోలో ఆ బొటనవేలు రాదు. కొలత పాత్రలకి మీ ఊరి లెక్క రాయించండి, మానికలో ఎన్ని సోలలని అడిగితే ఊరికో మాట చెప్తారు. మేనత్తల బాకీలు ముందే తీర్చేయండి. సోమవారం పోకండి, చాలా మ్యూజియాలకి ఆ రోజే సెలవు, నేను రెండుసార్లు పోయా.

41 వస్తువులిస్తే 17 తీసుకున్నారు. మోట పెద్దదని, స్థలం లేదని తిప్పి పంపారు, ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నా కారు పక్కన ఉంది, అసోసియేషన్ సెక్రటరీ రోజూ గుర్తు చేస్తున్నాడు.

నిన్న రసీదు తీసుకున్నాక, ఒకసారి చూసి పోతానని అడిగితే లోపలికి పంపారు. ఇనుప రాక్‌లో వరుసగా పెట్టారు, ఒక్కోదానికి దారంతో నంబర్ ట్యాగ్, పక్కన టైపు చేసిన కార్డు. నీట్‌గానే ఉంది, ఒప్పుకోవాలి. జడ్డిగం పైనుంచి రెండో అరలో ఉంది. కార్డు వంగి చదివా. "చెక్క గిన్నె. వంట సామగ్రి. గంజి వార్చుటకు."

క్లర్క్‌ని అడిగితే పెన్సిల్ కాపీ చూసి టైప్ చేశారండి, మీరు చెప్పిందే కదా అన్నాడు. మార్చాలంటే? "ఒక లెటర్ పెట్టండి సార్, మీటింగ్‌లో పెడతాం."

రాస్తున్నా. రెండు లైన్లయింది.