అమ్మ నంబర్

మా అమ్మ మాదాపూర్‌లో నాలుగిళ్లలో పని చేస్తుంది. ఇదివరకు ఒకటో తారీఖున జీతం చేతికొచ్చేది, కొంగున ముడేసుకుని ఇంటికొచ్చేది. కరోనా తర్వాత నాలుగిళ్లవాళ్లూ ఫోన్‌లోనే వేస్తామన్నారు. అమ్మ దగ్గరున్నది బటన్ల ఫోన్. అందుకని తమ్ముడి నంబర్ ఇచ్చింది.

అప్పట్నుంచి తన జీతం తనే కొడుకుని అడగాల్సి వచ్చింది. వాడు చెడ్డవాడు కాదు. కానీ అడిగినప్పుడల్లా ఐదొందలో వెయ్యో, లేదంటే "రేపిస్తా". ఒకరోజు అమ్మ "నా పైసలు నేనే అడుక్కోవాల్నా బిడ్డా?" అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసేదాన్ని, ఇంట్లో జరిగేది ఇన్నాళ్లూ నా కంటికే ఆనలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. ఆడవాళ్లని విడిగా అడిగారు కాబట్టే ఆ తేడా తెలిసింది. "ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని మాత్రమే అడిగుంటే మా బోరబండలో సగం ఇళ్లు ఉందనే చెప్పేవి. అది ఎవరి జేబులో ఉంటుందన్నదే అసలు సంగతి.

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో నాలుగున్నర వేలకు పాత ఫోన్ కొన్నాం. సిమ్ అమ్మ పేరు మీదే. అంతటితో అయిపోతుందనుకున్నా. ఫోన్‌లో పిన్ పెట్టుకోబోతే ఆధార్ ఓటీపీ అడిగింది. ఆధార్‌కున్నది చనిపోయిన నాన్న నంబర్, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఓటీపీ ఎక్కడికి పోతుంది? నంబర్ మార్చడానికి అమ్మే ఆధార్ సెంటర్‌కు వెళ్లాల్సి వచ్చింది. అంట్లు తోమీ తోమీ అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి. మెషిన్ మూడుసార్లు వద్దంది. అమ్మ వేళ్లు కొంగుకి రుద్దుకుని మళ్లీ పెట్టింది, నాలుగోసారీ అంతే. చివరికి కళ్లు స్కాన్ చేస్తే పనయింది. దానికి రెండు రోజులు పనికి పోలేదు. ఒకింట్లో ఆ రెండు రోజుల జీతం కోసేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక నేర్పడం. బ్యాంకు మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో వస్తాయి, అమ్మకు చదువు రాదు. రెండే మాటలు గుర్తుపట్టమన్నాను. నెలవంకలా ఉండే సీతో మొదలైతే క్రెడిట్, డబ్బులొచ్చినట్టు. పొట్ట ఉన్న డీ అయితే డెబిట్, పోయినట్టు. ఇంకొకటి పదేపదే చెప్పాను: డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే పోయేది నీ డబ్బే. ఇప్పుడు ఆ మాట పనికెళ్లే దారిలో తోటివాళ్లకు తనే చెబుతోంది.

మొన్న తమ్ముడు పెట్రోల్‌కి రెండొందలు అడిగాడు. అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని, కొంగు అడ్డం పెట్టి పిన్ కొట్టబోతూ ఆగింది. నావైపు చూసి, "నువ్వు గూడ అటు తిరుగు" అంది.

తిరిగాను.