20,000 సర్వీసు: అర లీటరు ఆయిల్ దగ్గర తప్పిన లెక్క

ఈసారి కుదరలేదు. నాలుగు వేల చిల్లరలో కారు సర్వీసు ముగించుకుని వద్దామని వెళ్లినవాణ్ని 8,136 రూపాయలు కట్టి వచ్చాను. పర్లాకిమిడి చేరేదాకా దారి పొడుగునా మనసంతా ఆ బిల్లు మీదే. రాత్రి భోజనం అయ్యాక కారు పద్దు పుస్తకం తీసి వరస వరసా లెక్క కట్టాను. కోపం ఇంకా తగ్గలేదు గాని, ఎక్కడ జారిందో మాత్రం తెలిసింది.

మీటరు 19,870. బండికి రెండేళ్లు నిండడానికి ఇంకో వారం ఉంది. లేబర్ ఫ్రీ సర్వీసులు మూడూ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. ఇది మొదటి పెయిడ్ సర్వీసు. వారంటీ ఇంకో ఏడాది ఉంది కాబట్టి ఆయిల్ పని కంపెనీ సర్వీసు సెంటరు బయట చేయించే ఉద్దేశం లేదు.

వెళ్లే ముందు కారుతో ఇచ్చిన పుస్తకం చూసి ఏమేం మార్చాలో రాసుకున్నాను. లేబర్ 1,450. ఇంజిన్ ఆయిల్ 2.8 లీటర్లు, లీటరు 540 చొప్పున 1,512. ఆయిల్ ఫిల్టర్ 105, డ్రెయిన్ వాషర్ 18. చక్రాల అలైన్‌మెంట్ 380, అది నేనే కావాలన్నాను. జీరంగో బౌద్ధ గుడికి ఘాట్ రోడ్డులో రెండుసార్లు వెళ్లొచ్చాక ముందు ఎడమ టైరు గాడి లోతు లోపలి అంచున 5.4 మి.మీ., బయటి అంచున 6.1 చూపిస్తోంది. మొత్తం 3,465, దాని మీద 18 శాతం పన్ను కలిపితే 4,089. ఉదయం ఎస్టిమేట్ కాగితం కూడా అటూఇటూగా అంతే వేసి సంతకం పెట్టించుకున్నారు.

పన్ను గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నీ 18 శాతంలోకి వచ్చాయి కాబట్టి సర్వీసు చవకవుతుందని మా బావ గట్టిగా చెప్పాడు. అవ్వదు. లేబర్ మీదా, ఆయిల్ మీదా ముందునుంచీ 18 శాతమే. మామూలు సర్వీసులో ముప్పాతిక బిల్లు ఆ రెండే. బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ సామాన్లు మార్చే రోజున తేడా కనిపిస్తుంది, ఇప్పుడు కాదు.

మరి మిగతా 4,047 ఎక్కడినుంచి వచ్చింది? మధ్యాహ్నం పన్నెండు నలభైకి సర్వీసు సెంటరు అడ్వైజర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. హోటల్లో అన్నం ముందు ఉన్నాను. "సార్, ఏసీ కొంచెం వాసన వస్తోంది, ఫోమ్ కొట్టిస్తే బాగుంటుంది. బ్రేకులు కూడా ఒకసారి క్లీన్ చేయిస్తే..." "సరే, చూడండి" అన్నాను. చూసి చెప్పండి అని నా ఉద్దేశం. ఆయన దాన్ని చేసేయండి అని తీసుకున్నారు. ఆ ఒక్క మాటతో ఏసీ ఫోమ్ 890, బ్రేక్ క్లీనింగ్ 620. నేను ఊసే ఎత్తని థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌కి గాలి వదిలే భాగం) క్లీనింగ్ 550, చక్రాల బ్యాలెన్సింగ్ 420, దానికి బరువులు 160, కూలెంట్ 140, కన్స్యూమబుల్స్ అనే పేరుతో 120, ఎయిర్ ఫిల్టర్ 260 కూడా అదే దారిలో ఎక్కాయి.

ఏసీలో వాసన లేదు. క్యాబిన్ ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనక నేనే మార్చి రెండు నెలలైంది, బాష్‌ది, చక్కగా ఉంది. 90లో వెళ్తున్నా స్టీరింగ్ వణకలేదు, బ్యాలెన్సింగ్ ఎందుకు? ఇరవై వేలకే థ్రాటిల్ క్లీనింగ్ అంటే డబ్బు దండగ, ఐడ్లింగ్‌లో, అంటే ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరగడంలో, తేడా వస్తే తప్ప ముట్టుకోకూడదని నా అభిప్రాయం. ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం మెత్తబడ్డాను. పాతది అడిగి తెచ్చుకున్నాను. పాత పేపరు మీద దులిపితే చెంచాడు ఎర్రమట్టి రాలింది. టార్చి వెలుతురు ఇంకా దాటుతోంది, పుస్తకం ప్రకారం నలభై వేలకు మార్చాలి. కాని మా వైపు ఎర్రమట్టి రోడ్లకి ముందే మార్చినా తప్పు లేదు.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది ఆయిల్. బిల్లులో 3.3 లీటర్లు అని ఉంది. పుస్తకంలో ఫిల్టర్‌తో కలిపి 2.8. పై పనులకి ఈ అర లీటరూ, పన్నూ కలిపితేనే ఆ 4,047. ఈ అర లీటరు బిల్లులోనే ఉందా, ఇంజిన్‌లో కూడా ఉందా?

పొద్దున్నే ఆరింటికి, బండి రాత్రంతా చల్లారాక, ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద రసమట్టం పెట్టి చూసుకుని డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీశాను. నా కారులో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య 17 మి.మీ., దానికి సుమారు లీటరు ఆయిల్. తుడిచి మూడుసార్లు ముంచాను: పై గుర్తు దాటి 9, 8, 9 మి.మీ. గచ్చు వాలు ఉందేమోనని బండి ముఖం అటు తిప్పి పెట్టి అరగంట ఆగాను. 8. అంటే అర లీటరుకి దగ్గరే. ఆయిల్ నిజంగానే పోశారు, కొత్తదే. నువ్వుల నూనె రంగులో, పుల్ల అంచున కాంతికి మెరుస్తూ ఉంది.

ఎక్కువైతే ఏమవుతుందని అడిగేవాళ్లకి: ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతూ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగతో లూబ్రికేషన్ సరిగ్గా జరగదు. కొంత బ్రీదర్ గొట్టంలోంచి ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి కూడా పోతుంది.

మందుల షాపులో 50 మి.లీ. సిరంజి, సెలైన్ గొట్టం కొన్నాను. గొట్టాన్ని డిప్‌స్టిక్ దారిలో దించి లాగాను. చాలా నెమ్మది పని. నా కారుకి వాడే 0డబ్ల్యూ16 గ్రేడు ఆయిల్ పల్చగా ఉంటుంది కాబట్టి వస్తుంది గాని, గొట్టం చివర ఆయిల్ పాన్ అడుగుకి ఆనిందంటే నోరు మూసుకుపోతుంది, కొంచెం పైకి ఎత్తాలి. తొమ్మిది సిరంజిలు, 450 మి.లీ. తీశాక మట్టం సరిగ్గా పై గుర్తు దగ్గర ఆగింది. తీసినది మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి తేదీ రాసి పెట్టాను.

ఎలా జరిగి ఉంటుంది? పాత ఆయిల్ సరిగ్గా కారనివ్వలేదని మొదట అనుకున్నాను. కాని 3.3లోంచి 2.8 తీసేస్తే మిగిలేది, నేను లాగింది, ఇంచుమించు ఒకటే. కాబట్టి కారనిచ్చారు, పోయడమే ఎక్కువ పోశారు. పెద్ద ఇంజిన్ కారు కొలత దీనికి కొట్టారని నా అనుమానం. మీటరున్న గన్‌తో పోస్తారు, అంకె ఎంత పెడితే అంతే పోసి ఆగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూసి ఉంటే అక్కడే పట్టుబడేది.

సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాను. "కొంచెం ఎక్కువున్నా నష్టం లేదు సార్." గుర్తు దాటి ఎనిమిది మిల్లీమీటర్లు అని చెబితే తీసుకురమ్మన్నారు. పన్నుతో కలిపి 319 రూపాయల ఆయిల్ కోసం మళ్లీ అంత దూరం పెట్రోలు పోసుకుని వెళ్లాలి. బిల్లు సరిచేయమని మెయిల్ పెట్టాను, సీసా ఫొటో, స్కేలు పక్కన పెట్టిన డిప్‌స్టిక్ ఫొటో జత చేశాను. తర్వాతి సర్వీసులో చూస్తామన్నారు. ఒప్పుకోలేదు, మళ్లీ రాశాను.

పాతపట్నంలో మెకానిక్ బాబాయ్ సీసా చూసి, వారంటీ అయ్యాక 5డబ్ల్యూ30 పోసేద్దాం, ఏ కొట్టులోనైనా దొరుకుతుంది అన్నాడు. క్యాస్ట్రాల్, షెల్ డబ్బాలు ఇక్కడ దొరికేవి ఎక్కువ ఆ గ్రేడే, నిజమే. నేను మాత్రం పుస్తకంలో ఉన్న గ్రేడే వాడతాను.

ముప్పై వేల సర్వీసుకి అనుకున్నది ఇది. జాబ్ కార్డు మీద నా చేత్తో "ఆయిల్ 2.8, పైన ఏ పనికైనా మెసేజ్‌లో ఒప్పుకుంటేనే" అని రాసి ఫొటో తీసుకుంటాను. ఫోన్‌లో "వద్దు", "చెయ్యండి" తప్ప మూడో మాట అనను. బండి బయటికి వచ్చాక, బిల్లు కట్టక ముందే, వాళ్ల ఎదురుగా డిప్‌స్టిక్ తీస్తాను. ఈలోగా బరంపురంలో రెండు చోట్ల లేబర్ ఎంతో కనుక్కోవాలి, ఒకచోట 1,290 అన్నారు. బ్రేక్ ఫ్లూయిడ్‌లో తేమ చూసే పెన్ను ఆర్డర్ పెట్టాను, ఆదివారానికి వస్తుంది. అలైన్‌మెంట్ తర్వాత ఆ ఎడమ టైరు అరుగుదల వెయ్యి కిలోమీటర్లకోసారి కొలుస్తాను. ఇవాళ్టి కొలత: లోపల 5.4, బయట 6.1.