మొదటి ప్రాబ్లమ్ చిన్నదే పట్టుకున్నాను

నా పీహెచ్‌డీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో. పదేళ్లు పాఠాలు చెప్పాక మనసు పార్టిషన్ల మీదకి పోయింది, అంటే ఒక సంఖ్యని ఎన్ని రకాలుగా కూడికగా విడగొట్టొచ్చు అనే లెక్క (వరస మారినా ఒకటే రకం). 4కి 5 రకాలు, 9కి 30, 14కి 135. చివర 4 గానీ 9 గానీ ఉన్న ఏ సంఖ్యకైనా ఈ లెక్క 5తో నిశ్శేషంగా పోతుందని రామానుజన్ టేబుల్ చూసి పట్టేశాడు, తర్వాత నిరూపించాడు కూడా.

ఇంక నేను ఆగుతానా? పార్టిషన్ల లెక్క ఎప్పుడు సరి, ఎప్పుడు బేసి అన్న ప్రశ్న మీదే పడ్డాను. ఆరో తరగతి పిల్లాడికి కూడా అర్థమయ్యే ప్రశ్న, అక్కడే మోసపోయేది. సగం సరి, సగం బేసి ఉంటాయని నమ్మకమే తప్ప నిరూపణ లేదు. ఎనిమిది నెలలు పేపర్లు ప్రింట్ తీయడం, మూడో పేజీలో మాడ్యులర్ ఫామ్స్ అనే బరువైన గణితం రాగానే ఆగిపోవడం, ఇంకో పేపరు ప్రింట్ తీయడం, ఇదే పని.

చివరికి ఒక సీనియర్ మేడమ్‌తో మొర పెట్టుకుంటే, "చేత్తో వేసి చూడగలిగేది పట్టుకోండి సార్, వారంలో టేబుల్ రాకపోతే వదిలేయండి, ఓవర్‌పార్టిషన్లు చూడండి" అన్నారు.

ఓవర్‌పార్టిషన్ అంటే పార్టిషనే, కాకపోతే ఇందులో ఒక్కో సంఖ్యకి, అది ఎన్నిసార్లు వచ్చినా సరే, ఒక్కసారి నెత్తిన గీత పెట్టొచ్చు, మానేయొచ్చు. 3నే తీసుకోండి: ఉత్త 3కి రెండు రకాలు, 2+1కి నాలుగు, 1+1+1కి రెండు, మొత్తం 8. అలా 1 నుంచి 9 దాకా వేస్తే 2, 4, 8, 14, 24, 40, 64, 100, 154 వచ్చాయి. వీటిలో 4తో పోనివి మూడే, 1, 4, 9 దగ్గర. వర్గాలు! రాత్రి పన్నెండింటికి 16 దాకా లాగాను, అక్కడ 2062, అదీ పోలేదు. పొద్దున్నే మేడమ్‌కి మెసేజ్ పెడితే, "తెలిసిందే, కానీ ఎందుకో మీరే రాయండి" అని జవాబు.

కాస్త ఉసూరుమన్న మాట నిజం. కానీ జనరేటింగ్ ఫంక్షన్‌ని, అంటే ఈ లెక్కలన్నిటినీ q ఘాతాల ముందు గుణకాలుగా పేర్చిన శ్రేణిని, భిన్నంగా రాస్తే హారంలో 1 తర్వాత ఉన్న q ఘాతాలన్నీ వర్గాలే, ప్రతిదాని ముందూ 2 గానీ -2 గానీ ఉంది, కాబట్టి 4 గుణిజాల్ని కొట్టేస్తే మిగిలేది వర్గాలే. మూడు లైన్లు. ఎనిమిది నెలల్లో నా చేతుల మీదుగా పూర్తయిన మొదటి నిరూపణ అది.

ఇప్పుడు 8తో భాగిస్తున్నాను. వర్గాలకి తోడు 2, 8 దగ్గర కూడా పోవట్లేదు, అంటే వర్గాల రెట్టింపులు. 18 దగ్గర 3948 వచ్చింది, శేషం 4. ఇదీ తెలిసిందే అయ్యుంటుంది, అయినా మేడమ్‌కి మెసేజ్ పెట్టలేదు, ముందు నిరూపణ రాసుకుంటాను.