నాన్న గల్లాపెట్టెలోని ఫోను

ముందే చెప్పేస్తున్నా, ఇది సక్సెస్ స్టోరీ కాదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్ఆర్‌బీ) పెట్టే ఎన్టీపీసీ ఉద్యోగ పరీక్ష, గ్రాడ్యుయేట్ లెవెల్, 05/2024 నోటిఫికేషన్. కంప్యూటర్ మీద రాసే రెండు దశల్లో మొదటిది, సీబీటీ-1, గట్టెక్కాను, సీబీటీ-2లో పోయింది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ప్రిపరేషన్ మధ్యలో స్మార్ట్‌ఫోన్ పక్కన పెట్టి కీప్యాడ్ ఫోన్ పట్టుకున్నానని తెలిసినప్పటి నుంచి "మేమూ మారాలా అక్కా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అవునని ఒక్క మాటలో చెప్పలేను, కాదనీ చెప్పలేను.

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరే, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు కలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. తెలుగు చదవడం అమ్మమ్మ కూర్చోబెట్టి నేర్పింది కాబట్టి పరీక్ష భాషగా తెలుగు పెట్టుకోగలిగాను, నాతో చదివినవాళ్ళలో చాలామందికి తెలుగు గడగడా మాట్లాడ్డం వచ్చు గానీ ఓ పెద్ద ప్రశ్న చదివేసరికి సగం టైమ్ పోతుంది. దీనికీ ఫోనుకీ సంబంధం ఉంది. ఇక్కడ తెలుగులో చదివేవాళ్ళకి మెటీరియల్ కావాలంటే ఒకటి షేర్ ఆటో ఎక్కి బోర్డర్ దాటి పాతపట్నం పోవాలి, రెండు ఫోన్ తెరవాలి. కోచింగ్ సెంటర్ పక్క హాస్టల్లో ఉండేవాళ్ళు "ఫోన్ అవతల పారేయండి, చదువు అదే వస్తుంది" అంటే మనకి అంత తేలిగ్గా కుదరదు.

నన్ను ముంచింది చదివే రోజులు కాదు, ఎదురుచూసిన రోజులు. 8,113 పోస్టుల నోటిఫికేషన్, అప్లికేషన్లు 2024 అక్టోబర్‌లో ముగిశాయి, పరీక్ష మొదలైంది 2025 జూన్ 5న. మధ్యలో దాదాపు ఎనిమిది నెలలు డేట్ లేదు. ఆ ఎనిమిది నెలలూ రోజూ పొద్దున్నే "డేట్ వచ్చేసింది" అని ఎర్ర అక్షరాలతో ఒక వీడియో, తెరిస్తే పన్నెండు నిమిషాలు మాట్లాడి చివర్లో "త్వరలో రావచ్చు" అనేవాడు. సరే అని దాని కింద ఇంకోటి. అది అయ్యాక ఈసారి కటాఫ్ ఎంత ఉంటుంది, అది అయ్యాక టాపర్ ఎన్ని గంటలు చదివాడు. రీల్స్ చూసుంటే కనీసం తప్పు చేస్తున్నానని తెలిసేది. ఇదంతా ప్రిపరేషన్ ఖాతాలోకే పోయేది, రాత్రి పడుకునేటప్పుడు ఈ రోజు బాగానే కష్టపడ్డాను అనిపించేది, అదీ దరిద్రం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయి, నెట్ కూడా సరిగ్గా లేక, యూట్యూబ్ హిస్టరీ తెరిచి ఆ వారంలో చూసినవన్నీ నోట్సు వెనక పేజీలో పెన్నుతో గీతలు పెట్టి లెక్కేశాను. మొత్తం 41 వీడియోలు. అందులో నిజంగా క్లాసు అనదగ్గవి తొమ్మిది, ఆ తొమ్మిదిలో చివరిదాకా చూసినవి నాలుగు. ఆ నాలుగులో ఒకటి పైపులు-ట్యాంకులు, దాన్ని అంతకుముందు రెండుసార్లు చూసి ఉన్నాను, అయినా లెక్క చేయమంటే చేయలేను. యాప్ టైమర్ పెట్టుకోలేదా అంటే పెట్టుకున్నాను. పెట్టినదీ నేనే, తీసేదీ నేనే, దొంగకి తాళం చెవి ఇచ్చినట్టే.

నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టెలో చిల్లర అరల కింద ఆయన పాత కీప్యాడ్ ఫోన్ పడి ఉంది. వెనక మూత లూజు, రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. 5 నంబరు బటన్ గట్టిగా నొక్కితే గానీ పడదు. నా సిమ్ దాంట్లో వేసి, స్మార్ట్‌ఫోన్ కొట్లో నాన్న దగ్గర పెట్టేశాను. చుట్టాలకి దీని మీద అనుమానం. ఆడపిల్ల ఉన్నట్టుండి స్మార్ట్‌ఫోన్ వాడడం మానేస్తే ఎవరూ చదువు కోసమని అనుకోరు. మా అత్త వచ్చి అమ్మని పక్కకి పిలిచి, "ఏటే వదినా, గుంట దగ్గర ఫోను లాగేసారేటి, ఏటయినాది?" అంది. అమ్మ ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మిందని నేను అనుకోను.

మొదటి వారం ఏమీ మారలేదు. చెయ్యి దానంతట అదే దిండు కిందకి పోయేది. మూడో రోజు ఆ కీప్యాడ్ ఫోన్‌లో పాము ఆట దొరికింది, ఒక మధ్యాహ్నం పూట రెండు గంటలు పాముకి మేత వేస్తూ కూర్చున్నాను, నవ్వకండి. ఫోన్ బల్ల మీద ఊరికే పడి ఉన్నా బుర్ర కొంత అటే లాగుతుందని 2017లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు ప్రయోగం చేసి చెప్పారు, తర్వాత అదే చేసి చూసినవాళ్ళందరికీ ఆ ఫలితం రాలేదు. నా సంగతి నాకు రెండో వారంలో తెలిసింది. లెక్క రాకపోతే ఇంతకుముందు వెంటనే సొల్యూషన్ వీడియో వెతికేదాన్ని, ఇప్పుడు వెతకడానికి ఏమీ లేదు కాబట్టి దాని ముందే కూర్చోవాల్సి వచ్చింది, విసుగొచ్చి లేచి ఇల్లు ఊడ్చి మళ్ళీ కూర్చుంటే ఒక్కోసారి వచ్చేది. రాకపోతే చుక్క పెట్టి ఆదివారానికి వదిలేసేదాన్ని. పైపులు-ట్యాంకులు అలాగే వచ్చింది.

జనరల్ అవేర్‌నెస్ మాత్రం దెబ్బతింది. సీబీటీ-1లో వందకి 40 ప్రశ్నలు అవే కదా. నెలకోసారి పాతపట్నం వెళ్ళి తెలుగు కరెంట్ అఫైర్స్ మంత్లీ తెచ్చుకునేదాన్ని, పొట్లాలకి కొట్లోకి వచ్చే పాత పేపర్లు నాన్న చించకముందే ఒకసారి తిరగేసేదాన్ని. అయినా చివరి రెండు నెలల సంగతులు పుస్తకంలో ఆలస్యంగా వస్తాయి, అక్కడ నాకు కచ్చితంగా మార్కులు పోయాయి.

ఇక అసలు కష్టాలు. ఇంకో పరీక్ష ఫారానికి ఆఖరి రోజు నెట్ సెంటర్లో కూర్చున్నాను, ఓటీపీ రాదు. మళ్ళీ పంపమన్నా రాదు. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. పావుగంట తర్వాత చూస్తే స్క్రీన్ పైన చిన్న కవరు బొమ్మ మినుకుమినుకుమంటోంది. మెసేజ్ మెమరీ ఫుల్. నాన్నకి ఎప్పుడో వచ్చిన రీఛార్జ్ ఆఫర్లు, గ్యాస్ బుకింగులు అన్నీ అందులోనే ఉన్నాయి, అవి చెరిపితే గానీ కొత్తది లోపలికి రాదు. ఒడియాలో వచ్చే మెసేజ్‌లేమో వరసగా డబ్బాలే కనిపించేవి. నంబర్లు గూగుల్ ఖాతాలో ఉండిపోయాయి కాబట్టి ఎవరు ఫోన్ చేసినా "ఎవరండీ" అనేదాన్ని, సొంత బావ అలిగాడు. ట్యూషన్ పిల్లల ఫీజులు యూపీఐలో వచ్చేవి, అమ్మానాన్నలకి చెప్పి చేతికి ఇమ్మన్నాను. స్టార్ 99 హాష్ నొక్కి నెట్ లేకుండా డబ్బు పంపొచ్చు, లిమిట్ 5,000, కానీ నా 5 బటన్ సంగతి చెప్పాను కదా, నొక్కేలోపు సెషన్ అయిపోయేది.

మాక్ టెస్టులు ఆదివారం నెట్ సెంటర్లో రాశాను, ఇది నాకు అనుకోకుండా కలిసొచ్చింది. అసలు పరీక్ష కంప్యూటర్ మీదే కదా, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పుకి మూడో వంతు కోత. ఫోన్‌లో బొటనవేలితో రాసినప్పుడు లెక్క పక్క కాగితం మీద, ప్రశ్న అరచేతిలో. సెంటర్లో తల ఎత్తి స్క్రీన్ చూసి, దించి కాగితం మీద వేసి, మళ్ళీ ఎత్తి మౌస్ పట్టుకోవాలి. ఒక్కో ప్రశ్నకి వచ్చే 54 సెకన్లలో ఈ ఎత్తడం దించడం ఎంత తినేస్తుందో నాకు మొదటి ఆదివారమే అర్థమైంది.

సెంటర్ విశాఖపట్నంలో పడింది. మ్యాప్ లేదు కాబట్టి అడ్మిట్ కార్డు వెనక దారి రాసుకున్నాను, ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ముందురోజే గుణుపూర్ నుంచి వచ్చే ప్యాసింజర్లో వెళ్ళి, సాయంత్రం గేటు చూసొచ్చి పడుకున్నాను. ఎలాగూ లోపలికి ఏ ఫోనూ పోనివ్వరు. బయట బ్యాగులు పెట్టే దగ్గర మిగతావాళ్ళు ఖరీదైన ఫోన్ ఎవరి చేతికి ఇవ్వాలా అని టెన్షన్ పడుతుంటే నేను రబ్బరు బ్యాండు ఫోన్ బ్యాగులో పడేసి వెళ్ళిపోయాను, అది ఒక్కటే ఆ రోజు హాయిగా అనిపించిన విషయం.

సీబీటీ-2లో ఎందుకు పోయిందంటే, 120 ప్రశ్నలు అదే 90 నిమిషాల్లో. స్పీడ్ చాలలేదు, అంతే. ఫోన్ మీద నెట్టను.

మరి మీరు మారాలా? ముందు నేను వేసినట్టు గీతల లెక్క వేయండి. క్లాసులే ఎక్కువ తేలితే మీ గొడవ ఫోన్‌తో కాదు, కీప్యాడ్ కొనే డబ్బుతో పుస్తకం కొనుక్కోండి. ఆన్‌లైన్ బ్యాచ్‌కి ఫీజు కట్టేసినవాళ్ళు, ఇంట్లో రెండో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు, డాక్యుమెంట్ వెరిఫికేషన్ దాకా వచ్చినవాళ్ళు మారకండి. ఒంటరిగా రాత్రి రైళ్ళలో తిరిగే అమ్మాయిలు కూడా, లొకేషన్ పంపే వీలు పోగొట్టుకోకండి, నేనైతే ఆ ప్రయాణాలకి స్మార్ట్‌ఫోన్ వెంట తీసుకెళ్తాను. నా ఏర్పాటు ఇప్పటికీ ఇదే: స్మార్ట్‌ఫోన్ కొట్లో నాన్న దగ్గర, రాత్రి ఏడు నుంచి ఎనిమిది నాది, ఆ గంటలో క్లాసు డౌన్‌లోడ్ చేసి ఆర్ఆర్‌బీ సైట్ ఒకసారి చూసి ఇచ్చేస్తాను. సైట్‌లో లేని డేట్ ఏ వీడియోలోనూ ఉండదు. పరీక్ష ఏ ఊళ్ళో పడిందో చెప్పే సిటీ స్లిప్ పది రోజుల ముందు, అడ్మిట్ కార్డు నాలుగు రోజుల ముందు వస్తాయి, రోజుకోసారి చూస్తే చాలు.

మారేవాళ్ళు కొత్త సిమ్ మాత్రం తీసుకోకండి. అప్లికేషన్లోనూ ఆధార్‌లోనూ ఇచ్చిన నంబరే కీప్యాడ్‌లో ఉండాలి, మెసేజ్‌లన్నీ దానికే వస్తాయి. జియో సిమ్ అయితే మామూలు 2జీ ఫోన్‌లో పనిచేయదు, వాళ్ళకి 2జీ నెట్‌వర్కే లేదు, 4జీ కీప్యాడ్ చూసుకోవాలి, వాటిలో కొన్నింట్లో సినిమాలూ వీడియోలూ కూడా వస్తాయి కాబట్టి కొనేముందు అడగండి. పాత ఫోన్ అయితే నానో సిమ్ అందులో కూర్చోదు, షాపులో అడాప్టర్ అడిగి తీసుకోండి. సిమ్ పెట్టకుండా ఖాళీ అడాప్టర్ మాత్రం లోపలికి తోయకండి, స్లాట్ లోపలి పిన్నుకి పట్టుకుంటుంది, నేను గుండుసూదితో అరగంట కుస్తీ పట్టాను.